ఒడ్డుకు తిరిగిన పడవ



ఈ ఊళ్లో ఫిల్మ్ సొసైటీకి ప్రాణం పోసిన మాస్టారి పేరిట జరిగే సభలో మాట్లాడటం నా భాగ్యం. ఆయన జీవితమంతా బడిపిల్లలతో, సినిమాలతో గడిచింది. అందుకే ఆ రెండూ కలిసే చోటు ఎంచుకున్నాను: పోలీసులకు చిక్కకుండా పారిపోతున్న మనిషికీ, అతని వెంట పడిన పసివాడికీ మధ్య పెరిగే అనుబంధం.

ఈ కథను గొప్పగా చెప్పిన చిత్రం 1952 నాటి బ్రిటిష్ సినిమా ‘హంటెడ్’. దర్శకుడు చార్లెస్ క్రైటన్. అంతకు ముందు ఏడాదే ‘ది లావెండర్ హిల్ మాబ్’తో జనాన్ని నవ్వించినవాడు. నావికుడు క్రిస్ లాయిడ్‌గా డర్క్ బొగార్డ్, పసివాడు రాబీగా జాన్ వైట్లీ నటించారు. లొకార్నో చిత్రోత్సవంలో దీనికి అగ్ర బహుమతి దక్కింది.

రాబీ పెంపుడు బిడ్డ. ఇంట్లో వాడి చేతిమీదుగా పొరపాటున నిప్పంటుకుంది. తన్నులు తప్పవని బెదిరి పారిపోయాడు. యుద్ధకాలపు బాంబులకు కూలిన ఒక లండన్ భవనంలో దూరాడు. అక్కడ లాయిడ్ ఉన్నాడు. అతని చేతిలో అప్పుడే ఒక ప్రాణం పోయింది. చూసినవాడు ఈ పిల్లాడొక్కడే. అందుకే వాణ్ణి వెంట లాక్కుపోయాడు. ఆ పట్టులో ప్రేమ లేదు, ప్రాణభయమే ఉంది. దర్శకుడు ఈ సంగతిని ఎక్కడా దాచలేదు.

అక్కణ్ణుంచి ఇద్దరూ ఉత్తరాన స్కాట్లండ్ దాకా వెళ్తారు. మొదట్లో లాయిడ్‌కు వాడు గుదిబండ, విసుక్కుంటాడు, కసురుకుంటాడు. కానీ పసివాడికి ఆకలేస్తుంది, కాళ్లు నొప్పెడతాయి, నిద్రొస్తుంది. వాటిని ఎవరో ఒకరు చూడాలి కదా! చూస్తూ చూస్తూ ఉండగానే మమకారం పుడుతుంది. పిల్లల్ని పెంచినవాళ్లందరికీ తెలిసిన దారే ఇది.

చివరికి రేవులో చేపల పడవ దొంగిలించి ఐర్లండ్ వైపు బయలుదేరతాడు. నడిసముద్రంలో రాబీకి తీవ్రంగా జబ్బు చేస్తుంది. ముందుకు పోతే స్వేచ్ఛ, వెనక్కి పోతే పోలీసులు. లాయిడ్ పడవను వెనక్కి తిప్పుతాడు. ఆనాటి చట్టం తెలిస్తే గానీ ఆ మలుపు బరువు తెలియదు. అప్పట్లో హత్యానేరం రుజువైతే న్యాయమూర్తి ఉరిశిక్షే వెయ్యాలి, మరో శిక్షకు వీల్లేదు. గ్రేట్ బ్రిటన్‌లో హత్యకు ఉరిని ఆపింది 1965లో, శాశ్వతంగా రద్దు చేసింది 1969లో. అంటే లాయిడ్ ఆ చుక్కానిని తన ఉరికంబం వైపే తిప్పాడు.

నాలుగు దశాబ్దాల తర్వాత, 1993లో, క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘ఎ పర్‌ఫెక్ట్ వరల్డ్’ తీశారు. 1963 నాటి టెక్సస్. జైలు నుంచి తప్పించుకున్న బుచ్ పాత్రలో కెవిన్ కాస్ట్‌నర్. అతను ఎత్తుకుపోయిన ఎనిమిదేళ్ల ఫిలిప్ క్రమంగా అతనికి చేరువవుతాడు. ఆశ్రయమిచ్చిన ఇంట్లో ఒక తాత మనవణ్ణి కొడితే బుచ్ భరించలేడు, ఆ తాతను చంపడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఫిలిప్ తుపాకీ తీసుకుని తనకు ప్రియమైన బుచ్‌నే కాలుస్తాడు. ఆ తర్వాత దాన్ని బావిలో పడేసి పారిపోతాడు.

ఒక కథలో పెద్దవాడు తన ప్రాణం పణంగా పెట్టి పిల్లవాణ్ణి కాపాడితే, రెండోదానిలో పిల్లవాడు పెద్దవాడి చేతుల్లో మరో హత్య జరగకుండా ఆపాడు. రెంటిలోనూ మమకారం నేరాన్ని మాఫీ చెయ్యలేదు. మాఫీ చేసి ఉంటే ఇవి కన్నీళ్ల వ్యాపారంగా మిగిలేవి.

ఈ సినిమాలు చూసి హంతకుడిలోనూ మంచి ఉందని సంబరపడి ఊరుకోవడం నాకు చాలదు. రాబీకి ఇంటికి తిరిగి వెళ్లడం కన్నా హంతకుడి వెంట నడవడమే తేలికనిపించింది. ఆ భయాన్ని పెట్టింది లాయిడ్ కాదు, వాడి ఇల్లు. బెత్తాన్ని క్రమశిక్షణ అని పిలిచే ప్రతి ఇల్లూ, ప్రతి బడీ దీనికి జవాబు చెప్పుకోవాలి. తప్పు చేసిన బిడ్డ ముందుగా మన దగ్గరికే పరుగెత్తుకొచ్చేలా మనం బతకాలి. మాస్టారికి మనం చెల్లించగల నివాళి అదే.