కీమోథెరపీ ముగిసిన తర్వాత

కీమోథెరపీ ఆఖరి విడత అయిపోయాక ఇంటివాళ్లు డాక్టరుగారిని పక్కకు పిలిచి అడిగేది ఒకటే: "ఏం భయం లేదు కదండీ?" పెద్దపేగు క్యాన్సర్‌లో దీనికి జవాబు చాలావరకు ఆపరేషన్ తర్వాత ఇచ్చే పాథాలజీ రిపోర్టులో ఉంటుంది. మీ దగ్గర ఉంటే ఒకసారి తీసి చూడండి. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది అన్నవి అందులో రాసి ఉంటాయి. కనీసం 12 గ్రంథులను పరీక్షించాలి. అయిదారు మాత్రమే చూసి "ఎక్కడా పాకలేదు" అంటే ఆ మాటను పూర్తిగా నమ్మలేం.

గ్రంథులకు పాకితే అది మూడో దశ. సాధారణంగా ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల్లోపు కీమో మొదలుపెట్టాలి. ఒంట్లో కాస్త ఓపిక రానీ అంటూ నెలలు దాటిస్తే నష్టం రోగికే. ఎన్ని నెలలు ఇవ్వాలన్నది మరో ప్రశ్న. ఆరు పరిశోధనలను కలిపి చూసి 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గడ్డ గోడను దాటకుండా, మూడు గ్రంథులకు మించి పాకకుండా ఉన్నవారిలో కాపెసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ మందులు మూడు నెలలు ఇచ్చినా ఆరు నెలలు ఇచ్చినంత ఫలితం దాదాపు వచ్చింది. కాబట్టి మూడు నెలలకే ఆపితే కంగారుపడకండి. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కే బాధ కూడా అలా తగ్గుతుంది.

ఇంతవరకూ వైద్యుల చేతిలోని సంగతులు. కీమో అయ్యాక మన ఇళ్లలో ఏం చేస్తాం? రోగిని మంచం దిగనివ్వం, మంచినీళ్లు కూడా చేతికే అందిస్తాం. ప్రేమతోనే, కాదనను. కానీ 2025లో వెలువడిన 'చాలెంజ్' పరిశోధన చూడండి. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియాల్లో, ఆపరేషనూ కీమో ముగిసిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరోగ్య సలహాల పుస్తకాలిచ్చారు. రెండో జట్టుకు వాటితోపాటు మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు. వారానికి మూడు నాలుగుసార్లు, ముప్పావు గంట నుంచి గంట వరకు చురుగ్గా నడిస్తే ఎంతో, సుమారు అంత. ఎనిమిదేళ్లకు మొదటి జట్టులో నూటికి 83 మంది, వ్యాయామం చేసిన జట్టులో 90 మంది జీవించి ఉన్నారు. ఇదే పని ఒక కొత్త మందు చేసి ఉంటే దాని ఖరీదెంత ఉండేదో!

అయితే ఆ జట్టులో కండరాల, కీళ్ల నొప్పులు కొంత ఎక్కువే కనిపించాయి. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. మొదటి వారం వీధి చివరిదాకా చాలు, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకోండి. అరికాళ్లు మొద్దుబారి ఉంటే మాత్రం వట్టి కాళ్లతో నడవకండి, దెబ్బ తగిలినా తెలియదు.