లీడ్స్‌లో గ్యాసు కుంపటి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కోటలూ వంతెనలూ మీలో చాలామంది చూసే ఉంటారు. నేను అక్కడ చేసిన ఒక తెలివితక్కువ పని మాత్రం మనవి చేస్తాను.

2023 డిసెంబరులో నేనూ మా ఆవిడా ఇంగ్లండులోని లీడ్స్‌లో, మా అబ్బాయి అద్దెకున్న పాత ఇంట్లో ఉన్నాం. హాల్లో గోడకి గ్యాసు కుంపటి, దాని వెనక పొగగొట్టం. ముందు వరసగా నాలుగు పింగాణీ జల్లి పలకలు. కింద మంట వెలిగితే అవి ఎర్రగా కాగి గదికి వేడినిస్తాయి.

ఒక పగలు అబ్బాయి, కోడలు ఆఫీసులకు వెళ్ళాక, చల్లారిన కుంపటికి దుమ్ము దులుపుదామని కూర్చున్నాను. ఒక పలక చేతిలోనే రెండు ముక్కలైంది. అబ్బాయితో చెప్పడానికి నామోషీ. పైపుల కోసం ఇక్కడినుంచి పట్టుకెళ్ళిన ఎపాక్సీ బంకతో అతికించి యథాస్థానంలో పెట్టేశాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి, పై అధికారికి నోట్ పెట్టకుండా ఆర్డరు వేసేశాను!

ఆ వేడికి బంక నిలుస్తుందా? ముక్క మంట మీదికి వాలిపోయింది. నీలంగా ఉండాల్సిన మంట పసుపు తిరిగింది, పక్క పలకలకు మసి పట్టింది. చూశాను, ఊరుకున్నాను. మూడోనాటి సాయంత్రం మా ఆవిడకు తలనొప్పి, వికారం. చలి వల్లేమోనని మిరియాల కషాయం ఇచ్చాను. వీధిలోకి వెళితే తగ్గేది, కుంపటి ముందు కూర్చుంటే తిరగబెట్టేది. అయినా నాకు తట్టలేదు.

నాలుగోరాత్రి గోడమీది కార్బన్ మోనాక్సైడ్ అలారం గీపెట్టింది. అబ్బాయి గ్యాసు కట్టేసి, కిటికీలు తెరిచి, అందరినీ ఆ చలిలో బయటికి తోలాడు. ఆసుపత్రిలో మా ఆవిడకు రక్తపరీక్ష చేసి, ఆక్సిజన్ పెట్టి, తెల్లవారాక పంపారు. రంగూ వాసనా లేని ఆ వాయువు, ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుందట.

గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మెకానిక్ వచ్చాడు. అక్కడ చట్టప్రకారం అలాంటివారే ఆ పని చెయ్యాలి. పొగ వదిలి పరీక్షిస్తే అది పైకి పోక గదిలోకే వచ్చింది. గొట్టంలో పక్షిగూడు! విరిగిన పలక వల్ల గ్యాసు సరిగ్గా కాలలేదు, గూడు వల్ల విషం బయటికి పోలేదు. ఏటా జరగవలసిన తనిఖీ ఇంటి యజమాని చేయించనేలేదు. అయితే ఆయన తప్పు నా తప్పుకి రద్దు కాదు. పలకలు అతికేవి కావనీ, అదే మోడలుకు చెందిన కొత్తవి తెచ్చి పుస్తకంలో చూపినట్టే అమర్చాలనీ మెకానిక్ చెప్పాడు. ఆ మోడలు పలకలు దొరక్క కుంపటే మార్చారు.

“ఏమండీ, విరిగిందని ఒక్కమాట చెబితే ఏం పోయేది?” అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

మనకు కుంపట్లు లేవుగదా అనుకోవద్దు. తలుపు బిగించిన బాత్‌రూములో గ్యాసు గీజరు చేసేదీ ఇదే పని. మా ఇంట్లో దాన్ని తిరిగొచ్చిన వారంలోనే తీయించాను. మిగిలిన బంక మాత్రం సింకు పైపుకి పనికొచ్చింది.