తేనెటీగ నేర్పే ఇంగ్లీషు: ‘బిజీ బీ’ నుంచి ‘డ్రోన్’ దాకా

మాచర్ల నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మన ఎపిసోడ్ తేనెటీగ మీద. సైన్సు పాఠం అనుకోకండి, ఇంగ్లీషు పాఠమే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇడియమ్స్ అనగానే ఎడమవైపు వంద మాటలు, కుడివైపు వంద అర్థాలు రాసుకుని బట్టీ పడతారు. పరీక్ష అయిన మర్నాటికి ఒక్కటీ గుర్తుండదు. అలా కాకుండా, ఆ మాట ఏ ప్రాణిని చూసి పుట్టింది, ఆ ప్రాణి ఏం చేస్తుంది అని అడగండి. సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

ముందు తేలికైనది. ‘బిజీ యాజ్ ఎ బీ’. క్షణం తీరిక లేకుండా పనిచేసే మనిషిని అలా అంటారు. ఒక కూలీ ఈగ తన జీవితమంతా తిరిగి తిరిగి చేసే తేనె ఎంతో తెలుసా? ఒక టీస్పూనులో సుమారు పన్నెండో వంతు! ఈ కూలీ ఈగలన్నీ ఆడవే. కోతల కాలంలో మన పల్నాడు మిరప చేలల్లో నడుం ఎత్తకుండా కాయలు కోసే ఆడవాళ్ళను తలుచుకోండి, ఈ మాట ఇక మరిచిపోరు.

రెండోది ‘మేక్ ఎ బీలైన్’. అటూ ఇటూ చూడకుండా నేరుగా ఒకచోటికి పోవడం. కడుపునిండా మకరందం నింపుకున్న ఈగ పెత్తనాలు చెయ్యదు, తిన్నగా పట్టుకే పోతుంది. అమెరికాలో తేనె వెతికేవాళ్ళు ఆ దారి పట్టుకునే అడవిలో పట్టు ఎక్కడుందో కనుక్కునేవాళ్ళు. మన పక్కనే నల్లమల ఉంది, తేనె తీయడం అక్కడి చెంచులకు తరతరాల విద్య. ఈగ వెళ్ళే దారి చూడటం ఎంత పెద్ద చదువో వాళ్ళనడిగితే చెబుతారు. ఇక వాక్యంలో ఎలా వాడాలి? పెళ్ళిలో వడ్డన మొదలైందనగానే ఎవరినీ పలకరించకుండా బంతిలోకి పరిగెత్తేవాడు ఉంటాడు కదా, వాడు భోజనాలకు ‘బీలైన్’ కట్టాడన్నమాట.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘ఎ బీ ఇన్ యువర్ బానెట్’ అని ఒకటుంది. బానెట్ అంటే తలకు పెట్టుకునే టోపీ. టోపీలో ఈగ దూరిందంటే మనకు వెంటనే ‘చెవిలో జోరీగ’ గుర్తొస్తుంది. రెండూ ఒకటే అని రాసేస్తారు. కాదండీ. చెవిలో జోరీగ అంటే పక్కవాడు పెట్టే పోరు. బానెట్‌లో బీ అంటే మన బుర్రలోనే పుట్టి వదలకుండా తిరిగే ఆలోచన. ఒకటి బయటి పోరు, ఇంకొకటి లోపలి పిచ్చి.

‘క్వీన్ బీ’ కూడా అంతే. మెచ్చుకోలు అనుకుని ఎవరినైనా అనేస్తే చిక్కే. నలుగురి మీదా పెత్తనం చేసే ఆడమనిషిని కాస్త దెప్పుతూ అనే మాట అది. నిజానికి పట్టులో రాణి ఈగ పెత్తనం చేసేదేమీ లేదు. దాని పని గుడ్లు పెట్టడం.

‘స్టర్ అప్ ఎ హార్నెట్స్ నెస్ట్’. హార్నెట్ అంటే కందిరీగ జాతి. వాళ్ళు కందిరీగల గూడు కదిపితే, మనం తేనెతుట్టెను కదుపుతాం. ఈగ మారింది గానీ అర్థం ఒకటే.

‘మెల్లిఫ్లువస్’ అని పెద్దమాట ఒకటుంది. లాటిన్‌లో ‘మెల్’ అంటే తేనె, ‘ఫ్లువెరె’ అంటే ప్రవహించడం. మనం ‘తేనెలొలికే మాట’ అంటాం చూడండి, అచ్చంగా అదే. తేనెను పులియబెట్టి చేసే పానీయాన్ని ఇంగ్లీషులో ‘మీడ్’ అంటారు. మన ‘మధు’కు అది దూరపు చుట్టం. రెండు మాటలకూ మూలం ఒక్కటే.

తెలుగులో ఉన్నదీ, ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పలేనిదీ ఒకటుంది: మధూకరం. తేనెటీగ ఏ పువ్వునూ నొప్పించకుండా పువ్వుపువ్వు దగ్గరా కొంచెం తీసుకుంటుంది. అలాగే ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంటికీ బరువు కాకుండా, తలా కాస్త అన్నం తెచ్చుకోవడమే మధూకరం. వెనకటి రోజుల్లో అలా తిని చదువుకున్న పేద పిల్లలు ఎందరో.

చివరగా ‘డ్రోన్’. తెలుగులో పోతుటీగ. దీనికి కొండి ఉండదు, తేనె తేదు, రాణితో కలవడమే దాని పని. అందుకే ఇంగ్లీషులో ఒకరి కష్టం మీద బతికే సోమరిని కూడా ‘డ్రోన్’ అన్నారు. అది చేసే మోతను బట్టి, విసుగొచ్చేలా ఒకే గొంతుతో మాట్లాడటం ‘డ్రోన్ ఆన్’ అయింది. 1935లో బ్రిటన్‌వాళ్ళు గురి సాధన కోసం రేడియోతో నడిచే విమానం చేసి ‘క్వీన్ బీ’ అని పేరు పెట్టారు. పైలట్ లేని విమానానికి అమెరికాలో ‘డ్రోన్’ అనే పేరు ఆ వరసలోనే వచ్చిందంటారు.

ఆ డ్రోనే ఇప్పుడు మన పత్తి, మిరప చేల మీద మందు కొడుతోంది. రసం పీల్చే పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు తేనెటీగలకు విషం. ఆ కోవకు చెందిన మూడు మందులను 2018లో ఐరోపా సమాఖ్య ఆరుబయట పంటలకు వాడకూడదని నిషేధించింది. ఇక్కడి రైతు కష్టమూ చిన్నది కాదు. 2021-22లో నల్ల తామరపురుగు పూతలో చేరి మిరపను ఎలా ముంచిందో మనందరం చూశాం. అందుకే మందే కొట్టొద్దని నేను చెప్పను. పూత మీదున్న చేనుకు పొద్దున పూట కాకుండా, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టమంటారు శాస్త్రవేత్తలు. అదొక్కటి ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. ఈగే కనపడకపోతే రేపు ‘బిజీ యాజ్ ఎ బీ’ అంటే పిల్లలకు మళ్ళీ బట్టీ పట్టించడమే దిక్కు.

ఈ వారం మీకు ఒక పని. ‘తేనె పూసిన కత్తి’కి ఇంగ్లీషులో దగ్గరి మాట ఏదో వెతికి, సొంతంగా ఒక వాక్యం రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చీమల సంగతి చూద్దాం. సెలవు.