తాపీ వరద: పటము, కథ

తాపీ నది సముద్రమున గలియు చోటికి చేరువనున్న సూరతు నగరమునకు రెండు వైపుల నుండి భయము కలదు. ఎగువన సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్ట ఉన్నది. అచట విడిచిన నీరు నగరమును చేరువేళకు సముద్రమునకు పోటు వచ్చినచో, నది దిగువకు పోజాలక ఊరిమీదికి ఎగదన్నును. 2006 ఆగస్టులో దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడువబడగా నగరములో అధిక భాగము మునిగిపోయినది.

అటుపిమ్మట, ఎంత నీరు విడిచిన ఏ పేట ఎంతవరకు మునుగునో తెలుపు ముంపు పటములు సిద్ధమైనవి. అవి మిక్కిలి ఉపయుక్తములు. అయినను మెట్లెక్కలేని ముదుసలి ఏ యింట నున్నదో, ఏ మిద్దె తలుపునకు రాత్రివేళ తాళము పడునో పటమునకు దెలియదు. అది వరదను చూచినవారి నోటనే యున్నది. నోటిమాటకును లోపము కలదు. ఏండ్లు గడచినకొలది మోకాటిలోతు నీరు నిలువెత్తు నీరగును. అందుచే రెంటిని ఒకదానితో నొకటి సరిచూచుకొనవలెను.

తెలంగాణము నుండి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబములనేకము మగ్గముల పనిపై లింబాయతు మున్నగు పేటలలో స్థిరపడినవి. 2006 తరువాత వచ్చినవారు ఆ వరదను చూడలేదు; గుజరాతీలోని ప్రకటన వారిలో కొందరికి చదువరాదు. కావున తెలుగు సంఘములు వర్షకాలమునకు ముందు ఒక సాయంకాలము పేట పటమును పరచి, పెద్దలచేత నాటి నీరు నిలిచిన చోట కుంకుమబొట్టు పెట్టించి, ఎటు వెళ్లి బ్రతికిరో తెలుగున చెప్పించవలెను. పిల్లలు ఆ దారిని మరునాడు నడచి చూడవలెను. హెచ్చరిక వచ్చిన రాత్రి ఆలోచించుటకు వ్యవధి యుండదు.