నగరగర్భమున నిత్యావసరపు అంగళ్లు

(విజయవాడలోని యొక పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)

 

పట్టణపు నడిబొడ్డును బాగుచేయవలెనను మాట నేడు ప్రతి సభలోను వినవచ్చుచున్నది. ఆ మాట యెత్తినవారు వెంటనే దీపస్తంభములను గూర్చియు, రంగురాళ్లు పఱచిన కాలిబాటలను గూర్చియు, గాజుగోడల మాలులను గూర్చియు ముచ్చటింతురు. నడివీథిలో కాపురమున్న యొక వృద్ధురాలు పావుకిలో చింతపండునకును, దారపుండకును, జ్వరపు మాత్రకును ఎంతదూరము నడువవలెనో యడుగువారు అరుదు. నేటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నను బట్టియే సాగును. అంగడి యనగా పట్టుచీరల దుకాణము మాత్రమే కాదు. పచారీ కొట్టు, పిండిమర, మందుల షాపు, మంగలి దుకాణము, చెప్పులు కుట్టువాని గొడుగు, ఇస్త్రీ బండి, ఇవి యున్నచోటనే కాపురములు నిలుచును. ఇవి లేనిచోట రాత్రి తొమ్మిదింటికి ఇనుప తలుపులు దిగినంతనే వీథి పాడుపడినట్లుండును.

ఇవి యేల తొలగిపోవును? గిరాకి లేక కాదు. పచారీ కొట్టువాడు రూపాయకు కొన్ని పైసల లాభముమీద బ్రదుకును. అదే గదికి నగల వర్తకుడో, సెల్‌ఫోనుల వర్తకుడో ఎన్నియో రెట్లు అద్దె యీయజాలును. ఎక్కువ యిచ్చువానికి గది యిచ్చిన యజమానిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఇక పైయంతస్తుల సంగతి. అందున్న కుటుంబములు శివారులకు తరలిపోగా, ఆ గదులు సరకుల గిడ్డంగులుగను, లాడ్జీలుగను మాఱును. కొనువారు పోయిన వెనుక అమ్మువాడు నిలువడు. అమ్మువాడు పోయిన వెనుక మిగిలిన నాలుగు కుటుంబములును నిలువవు.

ఈ రోగము ముదిరిన నెట్లుండునో చూపుటకు అమెరికాలోని డెట్రాయిట్ నగరము కలదు. మన తెలుగువారు ఆ ప్రాంతమున వేలకొలది కాపురమున్నారు. కాని వారిలో పెక్కుమంది నోవై, ట్రాయ్ మొదలగు శివారు పట్టణములలోనే యున్నారుగాని నడినగరమున లేరు. అదియు ఈ కథలోని భాగమే. 1950లో డెట్రాయిట్ జనసంఖ్య 18,49,568. 2020లో 6,39,111. నడివీథియైన వుడ్‌వర్డ్ అవెన్యూలో హడ్సన్స్ అను బ్రహ్మాండమైన దుకాణముండెడిది. ఆ సంస్థవారే 1954లో నగరపు పొలిమేర దాటి సౌత్‌ఫీల్డులో నార్త్‌లాండ్ అను విక్రయశాలల సముదాయమును కట్టించిరి. దానికి రూపకల్పన చేసిన విక్టర్ గ్రూయెన్ హిట్లరు ఆక్రమణకాలమున వియన్నా విడిచి వచ్చినవాడు. తమ పాత దుకాణమునకు తామే పోటీ నిలిపిన ఆ వర్తకుల తెలివిని ఏమనవలెనో నాకు తోచదు. 1983 జనవరిలో నడివీథి హడ్సన్స్ మూతపడెను. 1998 అక్టోబరు 24వ తేదీన ఆ కట్టడమును మందుపెట్టి కూల్చివేసిరి.

తప్పంతయు వర్తకులదే యనుట అన్యాయము. నల్లవారి పొరుగున నుండనొల్లక తెల్లవారు లక్షలకొలదిగా శివారులకు పోయిరి. అచట నల్లవారికి ఇండ్లు దొరకకుండ చేసిరి. పెద్ద రహదారులు పేటలకు పేటలనే దున్నివేసెను. కార్ల కర్మాగారములు తరలెను. నగరపెద్దలు మాత్రము ఊరకుండలేదు. 1977లో నదియొడ్డున రినైసాన్స్ సెంటరను ఆకాశహర్మ్యములను, 1987లో స్తంభములపై తిరుగు చిన్న రైలును, 1999, 2000 సంవత్సరములలో మూడు జూదశాలలను, వాని చెంత క్రీడారంగములను తెచ్చిరి. చూడవచ్చినవారు చూచి వెళ్లిరి. 2007 నాటికి ఆ మహానగరమున దేశవ్యాప్త సంస్థల సూపర్ మార్కెట్టు ఒక్కటియు మిగులలేదు. సొంతముగా నడుపుకొను చిల్లర దుకాణదారులే ఊరికి తిండి సమకూర్చిరి.

మఱి మార్పు ఎట్లు వచ్చెను? 2011లో కొన్ని సంస్థలు తమ యుద్యోగులలో నడినగరమున ఇల్లు కొనువారికిని, అద్దెకుండువారికిని సొమ్ముసాయము చేయసాగెను. ఖాళీ మేడలలో మరల దీపములు వెలిగెను. 2013లో మిడ్‌టౌన్ పేటకు హోల్ ఫుడ్స్ దుకాణము ప్రజాధనపు రాయితీలతో వచ్చెను. 2021లో నడినగరమునకు చేరువనే మైయర్ సంస్థ రివర్‌టౌన్ మార్కెట్టును తెఱచెను. జూదశాల వెంట పచారీ కొట్టు రాలేదు. మేడమీది కాపురము వెంట వచ్చెను.

మన పట్టణములకు జనుల కొఱత లేదు గదా యందురు. నిజమే. జనులుండియు నిత్యావసరపు కొట్లు తొలగుచున్నచో నేమి చేయవలెనో తెలియుటకు పారిసువారి యుపాయము చూడదగినది. ఆ నగరపు పదునొకండవ విభాగమున, సెడేన్–పొపెన్‌కూర్ వీథులలో, దుస్తుల టోకు వర్తక మొక్కటే గదులన్నిటిని మ్రింగివేయుచుండెను. రొట్టెకును పాలకును అక్కడివారు పేట దాటవలసి వచ్చెను. 2004లో నగరసభ సెమాయెస్త్ అను సంస్థకు ఒక యధికారము నొసగెను: గుర్తించిన వీథులలో నేలయంతస్తు గది యమ్మకమునకు వచ్చినచో దానిని ఇతరులకంటె ముందుగా కొను హక్కు. ఆ సంస్థ గదులను కొని, బాగుచేయించి, తినుబండారముల దుకాణములకును, చేతిపనివారికిని అద్దెకిచ్చెను. విద్యాలయములకు నెలవైన లాటిన్ క్వార్టరులో పుస్తక విక్రేతలను నిలుపుటకు వాడినదియు ఈ పద్ధతినే. 2006 నాటి నిబంధన యొకటి, గుర్తించిన వీథులలో దుకాణపు గదిని దుకాణముగానే యుంచవలెనని శాసించెను. అది మిక్కిలి వ్యయముతో కూడిన పని. పారిసునకు గల ధనము మనకు లేదు. కాని వారు కొనవలసి వచ్చినట్టి గదులు మన పురపాలక సంస్థల చేతిలో ఇదివఱకే యున్నవి.

ఈ నగరపు వన్‌టౌనునే తీసికొందము. పురపాలక సంఘాధ్యక్షుడై, స్వాతంత్ర్య సమరమున చెఱసాలకేగి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేర నచట మార్కెట్టు కలదు. మోటారు పనివారు చాలకాలము క్రిందటనే ఆటోనగరు చేరిరి. టోకు వర్తకులలో పలువురు గొల్లపూడి సముదాయమునకు తరలిరి. లారీల రద్దీ తగ్గుట మేలే. అయితే ఖాళీయైన ప్రతి గదిని గూర్చి అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: అందులోనికి ఎవరు వచ్చుచున్నారు? పురపాలకుల గదులు సాధారణముగా వేలమున హెచ్చుపాట పాడినవాని పాలగును. ఖజానాకు సొమ్ము వచ్చును. వీథికి మఱియొక సెల్‌ఫోనుల కొట్టు వచ్చును. పాట పాడినవాడొకడు, గదిలో కూర్చుండువాడొకడు, నడుమ తిరుగు అద్దె తినువాడు వేఱొకడు అను వింత యేయూర లేదు?

నేను కోరునది పెద్దపని కాదు. ప్రతి సముదాయమున కొన్ని గదులను వేలమునుండి తప్పించి, పచారీ, మందులు, పిండిమర, మరమ్మతు పనులు మొదలగువానికే కేటాయింపుడు. చదరపు అడుగునకు ఇంత యని నిలుకడయైన అద్దె కట్టుడు. తిరుగు అద్దెకిచ్చినచో గదిని వెనుకకు తీసికొనుడు. ఖజానాకు కొంత తగ్గునని యధికారులు గొణుగుదురు. తగ్గును, కాని నీరును దీపమును వలెనే ఇదియు పౌరునకు చేయవలసిన సేవ.

గది లేని వర్తకుని మఱువరాదు. బీసెంట్ రోడ్డువంటి వీథులలో తోపుడు బండివాడు అందఱకు అడ్డే, అందఱకు అవసరమే. వీథి వర్తకుల జీవనోపాధి రక్షణకై 2014లో పార్లమెంటు చట్టము చేసెను. ఊరూర పట్టణ విక్రయ సంఘము ఏర్పడవలెననియు, అందు నూటికి నలువదికి తక్కువ గాకుండ వీథి వర్తకులే యెన్నికై కూర్చుండవలెననియు, వారిలో మూడవవంతు స్త్రీలుండవలెననియు, సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువఱకు ఎవ్వరిని తొలగింపరాదనియు ఆ చట్టము చెప్పుచున్నది. చట్టమును చదువకయే బండ్లను లారీ కెక్కించు అధికారులకు దీనిని చదివి వినిపించుట ఇట్టి మందిరములకు తగిన పని.

ఫోనులో మీట నొక్కిన పది నిమిషములలో సరకు గుమ్మమునకు వచ్చుచుండగా ఈ కొట్లేలయని యువకులు నన్నడిగిరి. సరకు వచ్చును, కాదనను. నెలాఖరున అరువిచ్చి, మొదటి తారీఖున ఖాతా చూచుకొని, ముసలాయన రెండు దినములు కనబడనిచో తలుపు తట్టి చూచు మనిషి మాత్రము ఆ సంచిలో రాడు. ఫోను లేని కూలివాని సంగతి చెప్పనే యక్కఱలేదు.

సమాచార హక్కు చట్టము 2005నుండి మనకున్నది. కార్పొరేషనువారి అంగడి గదులెన్ని, ఎవరి పేర నున్నవి, అద్దె యెంత, గడువు ఎన్నడు తీరును అని యొక కాగితముపై వ్రాసి యడిగినచో 30 దినములలో బదులు రావలెను. గదిలో నిజముగా కూర్చున్నదెవరో మనమే పోయి చూచుకొనవచ్చును. ఆ పట్టిక వచ్చిన పిదప దానిని ఈ మందిరపు బల్లపై పత్రికల ప్రక్కన నుంచుడు. రాబోవు వేలమునకు ముందుగా అధికారులను ఇచటికి పిలిచి, ఆ పట్టిక యెదుటనే కూర్చుండబెట్టి మాటాడుదము.