సభ్యుల జాబితా ఎవరి చేతిలో ఉండాలి?



సభ్యుల చందాలతో ఇంటర్నెట్ పత్రిక నడపడానికి ఏ వేదిక మంచిదని చాలామంది అడుగుతున్నారు. ముందు డబ్బు లెక్క చూద్దాం.

2017లో వచ్చిన సబ్‌స్టాక్‌లో పత్రిక మొదలుపెట్టడానికి ఖర్చు లేదు. కానీ ప్రతి చందాలో 10 శాతం వాళ్లకే పోతుంది, కార్డు రుసుము అదనం. నెలకు 10,000 రూపాయల చందాలు వస్తాయనుకోండి. అందులో ఏడాదికి 12,000 వాళ్లది. 2013లో వచ్చిన ఘోస్ట్‌ను లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. అది చందాలో వాటా తీసుకోదు. అయితే సొంతంగా నడిపితే సర్వర్ అద్దె కట్టాలి, దాన్ని చూసుకునే మనిషీ కావాలి.

డబ్బుకన్నా పెద్ద సంగతి సభ్యుల జాబితా. బరంపురంలో, బెంగళూరులో, యానాంలో ఉన్న మనవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆ జాబితా బయటపడితే ఒక కుటుంబం సర్టిఫికెట్‌కు, ఉద్యోగానికి ముప్పు రావచ్చు.

అందుకే ఈ మూడు ప్రశ్నలు అడగండి. జాబితాను దించుకుని వేరే చోటికి వెళ్లగలమా? దాన్ని ఎవరెవరు చూడగలరు? చందా కట్టలేని కూలి మనిషి కూడా చదవగలడా?

సర్వర్ చూసుకునే ఇద్దరు యువకులుంటే ఘోస్ట్ తీసుకోండి. లేకపోతే సబ్‌స్టాక్‌లో ఉచిత పత్రికగా మొదలుపెట్టి, చందాలు యూపీఐ ద్వారా సంఘం ఖాతాకే తీసుకోండి. ఎక్కడైనా సరే, ఈమెయిల్ తప్ప ఇంకో వివరం అడగకండి. మన దగ్గర లేని వివరం ఎవరి చేతికీ చిక్కదు.