ఇంటి వెనుక యాభై గజాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి పెద్దలు చాలా మాట్లాడారు. నాకు ఇచ్చిన విషయం చిన్నది: పెరటి తోట. కాని రోజూ పొయ్యి మీదికి ఎక్కేది కూరే గనుక దీన్ని తక్కువ చేసి చూడకండని మనవి.

మన నల్లగొండ, పాలమూరు పట్టణాల చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం నూటయాభై గజాల ప్లాటు కొని, వంద గజాల్లో ఇల్లు కట్టుకుంటాం. మిగిలిన యాభై గజాల్లో ఏం చేస్తాం? దుమ్ము లేస్తుందని బండలు పరిపిస్తాం, లేకపోతే సిమెంటు పోయిస్తాం. ఆ తర్వాత కొత్తిమీర కట్ట కోసం కూడా బండివాడి కేక కోసం ఎదురుచూస్తాం. యాభై గజాలంటే 450 చదరపు అడుగులు. నడవడానికి, బట్టలు ఆరేయడానికి సగం పోయినా రెండువందల అడుగులు మిగులుతాయి. నా మాటంతా ఆ రెండువందల అడుగుల గురించే.

ముందు ఉన్నమాట చెప్పుకుందాం. పండ్లు, కూరగాయలు కలిపి మనిషి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయిదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలన్నమాట. అదంతా మన పెరడు ఇవ్వలేదు. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ కొనక తప్పదు. కాని ఆకుకూర, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, మునగ, నిమ్మ, నాలుగు రకాల కాయలు కొనే పని చాలావరకు తప్పుతుంది. స్వయంపోషకం అంటే నేను చెప్పేది ఇంతే.

ఇక నీళ్ళు. ఇది మన జిల్లాలకు పాత గాయం. ఫ్లోరైడ్ నీళ్ళతో నల్లగొండ పల్లెల్లో ఎన్ని నడుములు వంగిపోయాయో మనకు తెలుసు. ఆ గోడు దేశానికి వినిపించాలనే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి. ఆ తాగేనీళ్ళను మొక్కలకు పారబోయడం న్యాయం కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు పోసి పెంచితే ఆకుకూరల్లోకి కూడా కొంత ఫ్లోరైడ్ చేరుతుంది. మరి నీళ్ళెక్కడివి?

ఒకటి, వాన. పాలమూరులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద గజాల డాబా అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. అంటే ఏడాదికి 50 వేల లీటర్లు మన నెత్తిమీద పడి మోరీలోకి పోతున్నాయి. అంతా దాచలేం. పైపు కింద ఒక పెద్ద డ్రమ్ము పెట్టి, పొంగిన నీళ్ళు ఇంకుడుగుంతలోకి వదిలితే చాలు. మొదటి వాన డాబాను కడుగుతుంది, దాన్ని పట్టకండి. డ్రమ్ము మీద గుడ్డ బిగించి కట్టండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

రెండు, వాడిన నీళ్ళు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు, వజూ నీళ్ళు ఆకుకూరలకు నిశ్చింతగా పోయవచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం వాటికి వద్దు, అరటి మొదట్లోకి మళ్ళించండి. వజూలోనే నీళ్ళు వృథా చేయొద్దని నేర్చుకున్నవాళ్ళం. ఆ చేసిన నీళ్ళు మడిలోకి మళ్ళించడానికి మనకు వేరే ఉపదేశం అక్కర్లేదు.

ఎండాకాలానికి కుండ పద్ధతి ఉంది. మట్టికుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి, మూత పెట్టాలి. చుట్టూ ఉన్న వేళ్ళకు నీరు మెల్లగా ఊరుతుంది. చైనాలో రెండువేల ఏళ్ళ కిందటే ఈ పద్ధతి రాసిపెట్టారు. అయితే నీళ్ళు చల్లబడని పాత కుండకు రంధ్రాలు పూడిపోయి ఉంటాయి, అది పనికిరాదు.

మన నేల ఎర్ర చెల్క. నీళ్ళు నిలవవు, సత్తువ తక్కువ. దొరికితే చెరువు ఒండ్రు రెండు బండ్లు తోలించండి. మేకల ఎరువు కలపండి. వంటింటి చెత్త, రాలిన ఆకులు ఒక గుంతలో వేసి పైన మన్ను కప్పుతూ పోతే మూడునాలుగు నెలల్లో ఎరువు అవుతుంది. బక్రీద్ నాడు మిగిలిన మేత, పెంట, పొట్టలోని పేడ వీధి చివర పారేసి ఇరుగుపొరుగు చేత మాట పడుతుంటాం. మొక్కలకు దూరంగా లోతైన గుంత తీసి, కుక్కలు తవ్వకుండా మన్ను దట్టంగా కప్పండి. ఆరునెలల తర్వాత అది మంచి ఎరువు. గల్లీ శుభ్రంగా ఉంటుంది, మనకు మర్యాదా దక్కుతుంది.

విత్తనాలకు దుకాణానికి పోనక్కర్లేదు. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లండి. మెంతులు వంటింట్లోవే. పుదీనా, బచ్చలి కాడ గుచ్చితే వస్తాయి. మునగ కొమ్మ నాటితే బతుకుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు జాగాను నాలుగు మడులు చేసి, వారానికొక మడి విత్తండి. తోటకూర, మెంతికూర నెలలోపే కోతకు వస్తాయి గనుక నాలుగోవారం నుంచి ఏదో ఒక మడి చేతికొస్తుంది. పుంటికూరకు ఇంకో రెండువారాలు ఎక్కువ పడుతుంది. అది ఉంటే ఆదివారం అంబాడా గోష్తుకు వెతుక్కోనక్కర్లేదు. ఒక సొర తీగను గోడ మీదికి పాకిస్తే దాల్చాకు కాయలు దొరుకుతాయి. వంకాయ చెట్లు ఆరు, మిరప ఆరు, చిక్కుడు పాదు ఒకటి చాలు. వానాకాలంలో గంగవాయిలి తనంతట తానే మొలుస్తుంది. కలుపని పీకి పారేయకండి, పప్పులో వేయండి.

పురుగు కనిపిస్తే మందు డబ్బా కోసం పరుగెత్తవద్దు. అర కిలో వేపగింజల పప్పు దంచి, పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. పేనుకు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లినా తగ్గుతుంది.

ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. ఆకుకూర తింటే ఫ్లోరోసిస్ నయమవుతుందని ఎవరన్నా నమ్మకండి. ఆ నీళ్ళను మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. మంచినీళ్ళు తాగడమే మందు. కాని కాల్షియం, సి విటమిన్ ఉన్న తిండి పిల్లల ఎముకలకు అండ. పాలు, మునగాకు, నిమ్మ, ఉసిరి అందుకే కావాలి. చాలా ఇళ్ళల్లో అందరికీ వడ్డించి చివర్న తినేది తల్లి. గిన్నెలో కూర అయిపోతే ఊరగాయతో సరిపెట్టుకుంటుంది. పెరట్లో ఆకు ఉంటే ఆమె పళ్ళెంలోకీ కూర వస్తుంది. నా దృష్టిలో ఈ తోటకు అసలు లాభం అదే.

చివరగా సొసైటీకి రెండు మనవులు. ఒకటి, ఆఫీసులో ఒక విత్తనాల డబ్బా పెట్టండి. సొర, బీర, చిక్కుడు నాటురకాల్లో ఒక మంచి కాయను చెట్టు మీదే ఎండనిచ్చి, గింజలు తెచ్చి అందులో వేద్దాం. కావలసినవాళ్ళు తీసుకుపోతారు. హైబ్రిడ్ గింజలు మాత్రం దాచవద్దు, మరుసటి పంట అలాగే రాదు. రెండు, కిరాయి ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు ఖాళీ సిమెంటు సంచులు, రెండు తట్టల ఎరువు ఇప్పించండి. అడుగున చిల్లులు పెట్టి దులిపిన సంచిలో కూడా వంకాయ కాస్తుంది.

మనం నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా అది సదఖా అని పెద్దలు మనకు చెప్పారు. కాబట్టి సోదర సోదరీమణులారా, ఈ జూన్‌లో తొలకరి పడేలోగా పెరట్లో నాలుగు బండలు లేపండి.